ఇంటా బయటా: పొగ రాని బొగ్గు

చలికాలం వచ్చిందంటే మాకు వచ్చే ప్రశ్నల్లో ఒకటి తప్పకుండా వుంటుంది. సంఘం సమావేశానికి వచ్చిన సోదరీమణులు మమ్మల్ని పక్కకు పిలిచి, "బాలింత గదిలో కుంపటి పెట్టాలి, పొగ రాని బొగ్గు ఏదో చెప్పండి. ఎక్కడ దొరుకుతుంది?" అని అడుగుతారు. కూతురు పురిటికి వచ్చిన తల్లికి ఇది చిన్న ప్రశ్న కాదు. పొగ వస్తే పసిబిడ్డ దగ్గుతుంది. గోడ నల్లబడితే ఇంటి యజమాని గొణుగుతాడు. కుంపటి అసలే వద్దంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. ఇన్నిటి మధ్య పొగ రాని బొగ్గు దొరికితే అన్ని చిక్కులూ విడిపోతాయని ఎవరికైనా అనిపిస్తుంది.

మాకూ అలాగే అనిపించింది. ఆ బొగ్గు కోసం వెతికాం, సంపాదించాం, ఆ తరువాత జరిగింది చూశాం. ఆ ముచ్చట చెప్పకుండా సమాధానం చెప్పడం న్యాయం కాదు. కనుక ఈ నెల మా తప్పు మేమే చెప్పుకుంటున్నాము.

మా కాపురం బెళ్ళందూరులో. ఈ చుట్టుపక్కల పల్లెల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు వున్నాయి. మాలాగ ఉద్యోగాల వెంట వచ్చి, ఎత్తయిన మేడల్లో గూళ్లు కట్టుకున్నవాళ్లం ఇప్పుడు అంతకంటే ఎక్కువయ్యాం. బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున వున్న వూరు. ఎండాకాలంలో ఎంత హాయో, మార్గశిర పుష్యమాసాల్లో తెల్లవారుజామున అంత వణుకు. సాధారణంగా ఆ నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దగ్గర ఆడుతూ వుంటుంది. రికార్డుకెక్కిన చలి మాత్రం 1884 జనవరి 13న వచ్చింది, ఆనాడు 7.8 డిగ్రీలకు దిగిందట. ఢిల్లీ వాళ్లకు ఇది చలే కాదు. విజయవాడ నుంచి వచ్చిన బంధువులకు మాత్రం ఇదే హిమాలయం.

పోయిన ఏడు పుష్యమాసంలో మా అమ్మాయి ప్రసవించింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకువచ్చిన సాయంత్రమే మా అమ్మగారు పెట్టెలోంచి పాత ఇనుప కుంపటి తీయించారు. ఆమె పుట్టి పెరిగింది మదనపల్లె దగ్గర పల్లెలో. ఎనభై దాటిన మనిషి. తన చేతుల మీదుగా ఎన్ని పురుళ్లు పోశారో ఆమెకే లెక్క తెలియదు. "బాలింతకు గాలి తగలకూడదు నాయనా. మంచం కింద కాస్త నిప్పు వుండాల. బిడ్డకు సాంబ్రాణి పట్టాల. నీకూ నీ తమ్ముడికీ అట్లే చేస్తిని, చచ్చిపోతిరా?" అన్నారు. ఆ ఆఖరి మాటకు మా దగ్గర జవాబు లేదు.

మా శ్రీమతి మాత్రం వెనకాడింది. "ఈ మూసిన గదిలో పొగ ఎటు పోతుందండీ?" అన్నది. మేము పెద్దమనిషి తీర్పు చెప్పాం. "అమ్మ మాట తీసెయ్యవద్దు, నీ మాటా తోసెయ్యవద్దు. అసలు పొగే రాని బొగ్గు తెస్తాము" అన్నాం. తల్లికీ ఆలికీ ఒకేసారి నచ్చే మాట మా నోట చాలా ఏళ్లకు వచ్చిందని లోలోపల గర్వపడ్డాం కూడా.

ఇక బొగ్గు వేట. మొదట మా వీధి మొగలో ఇస్త్రీ బండి దగ్గరకు వెళ్లాం. ఆ అబ్బాయిది చిత్తూరు జిల్లా. "బొగ్గులా సార్? మేమే గ్యాసు పెట్టెకు మారిపోయినాం గదా" అని నవ్వాడు. ఒకప్పుడు ఇస్త్రీ బండి పక్కన బొగ్గుల గోనె లేకుండా వుండేది కాదు. ఇప్పుడు బొగ్గు కావాలంటే హోటళ్లకు సరఫరా చేసే కొట్టుకు పోవాలి, లేదా ఇంట్లో కూర్చుని ఫోనులో తెప్పించుకోవాలి. మేము రెండూ చేశాం. ఆ పది రోజుల్లో బొగ్గును గురించి చదివినంతగా మేము పరీక్షలకు కూడా చదివి వుండము. అందులో పనికివచ్చే నాలుగు ముక్కలు ఇక్కడ చెబుతాము.

కట్టె గానీ, గని బొగ్గు గానీ మండేటప్పుడు వచ్చే పొగ ఏమిటి? వేడికి దానిలోంచి తారు, నూనెలు, ఆవిర్లు బయటికి వస్తాయి. అవి పూర్తిగా మండకుండా లేచిపోతే అదే పొగ. కాబట్టి ఆ ఆవిర్లను ముందుగానే వెళ్లగొట్టి, మిగిలిన గట్టి పదార్థాన్ని మనం కాల్చుకుంటే పొగ రాదు. కట్టెను గాలి తగలకుండా మట్టి కప్పి కాల్చితే మనకు తెలిసిన కట్టెబొగ్గు వస్తుంది. పల్లెల్లో బొగ్గుల బట్టీ వాళ్లు చేసేది ఇదే. అలా ఒక కిలో బొగ్గు కావడానికి 4 నుంచి 6 కిలోల కట్టె ఖర్చవుతుంది. గని బొగ్గును అదే పద్ధతిలో మూసిన కొలిమిలో కాల్చితే కోక్ వస్తుంది. చాలా వేడి మీద చేసినది ఉక్కు కొలిములకు పోతుంది. 600 డిగ్రీల దగ్గర చేసినది తేలికగా అంటుకుంటుంది గనుక ఇళ్లకు పనికివస్తుంది. కలకత్తా వైపు వంటిళ్లలో చాలా కాలం వాడుకలో వున్న సాఫ్ట్ కోక్ ఈ జాతిదే.

పొగ లేని బొగ్గుకు లోకంలో గిరాకీ పెరిగింది ఒక పెద్ద విపత్తు తరువాత. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండను నగరం మీద పొగమంచు గడ్డకట్టినట్టు నిలిచిపోయింది. ఇంటింటి పొయ్యిలో కాలిన బొగ్గు పొగ, ఫ్యాక్టరీల పొగ అందులో కలిసిపోయాయి. వేలమంది చనిపోయారు, 4,000 అని అప్పట్లో లెక్క, తరువాత పరిశోధకులు 12,000 దాకా వుండవచ్చునన్నారు. ఆ దెబ్బతో 1956లో అక్కడ శుభ్రమైన గాలి కోసం చట్టం వచ్చింది. పొగ రాకూడని పేటలు ఏర్పడ్డాయి. ఆ పేటల్లో చలి కాచుకోవాలంటే కోక్, ఆంత్రసైటు వంటి పొగ లేని ఇంధనమే వాడాలి. మామూలు గని బొగ్గును ఇళ్లకు అమ్మడం ఇంగ్లండులో 2021 నుంచి అంచెలంచెలుగా ఆపేశారు.

మన తెలుగునాటికీ ఈ కథలో భాగం వుంది. 1871లో ఇల్లెందు దగ్గర విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గు వున్నట్టు కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి గ్రామం పేరే గనులకు స్థిరపడింది. ఆ బొగ్గు కోక్ చేసి ఉక్కు తీయడానికి అంత అనుకూలం కాదు. బూడిద పాలు కూడా ఎక్కువ. అయితే దాన్ని తక్కువ వేడి మీద కాల్చి, ఇళ్లకు పొగ లేని వంటబొగ్గుగానూ, వచ్చిన తారును రసాయనాలుగానూ మార్చవచ్చునని హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనశాలలో చాలా ఏళ్లు పాటుపడ్డారు. ఇప్పుడు ఐ.ఐ.సి.టి. అంటున్నది ఆ సంస్థనే. మంచిర్యాల పక్కన నస్పూరులో "సి.సి.సి." అనే పేరు ఇప్పటికీ జనం నోట వినబడుతుంది. అది కోల్ కెమికల్ కాంప్లెక్సుకు పొడి అక్షరాలు. తరువాత గ్యాసుబండ ఇల్లిల్లూ చేరడంతో వంటబొగ్గు మాట వెనకబడింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చాక కుంపట్లు అటకెక్కాయి.

ఇప్పుడు బజారులో దొరికేవి చూద్దాం. తుమ్మ, సరుగుడు కట్టెల బొగ్గు మొదటిది. బాగా కాలిన బొగ్గును ఒకదానితో ఒకటి తట్టితే ఖణేలుమంటుంది, విరిస్తే లోపల నిగనిగలాడుతుంది, చేతికి బరువు తెలియదు. గోధుమరంగు చారలు కనబడితే అది సగం కాలిన కట్టె అన్నమాట, పొగ తప్పదు. తడిసిన బొగ్గు చిటపటమని నిప్పురవ్వలు చిమ్ముతుంది. రెండవది కొబ్బరి చిప్పల బొగ్గు. గట్టిది, బూడిద తక్కువ, ఎక్కువసేపు నిలుస్తుంది. మూడవది అచ్చుబొగ్గు, అంటే బొగ్గుపొడిని గంజి వంటి జిగురుతో కలిపి దిమ్మలు చేసినది. ఇందులో కొన్నిటికి త్వరగా అంటుకోవడానికి మందులు కలుపుతారు. అవి ఇంట్లోకి రానే కూడదు. పొట్టు దిమ్మలని, రంపపు పొట్టుతో, వేరుశనగ తొక్కుతో చేసినవి వున్నాయి. అవి బాయిలర్లకు మేలు గాని, కుంపట్లో పొగ వస్తుంది. పిడకల సంగతి చెప్పనక్కరలేదు.

మేము కొబ్బరి చిప్పల బొగ్గు కొన్నాం. బాల్కనీలో ముట్టించి, బాగా ఎర్రబడి, పైన తెల్లని నివురు కప్పిన తరువాతనే గదిలోకి తెచ్చాం. ఒక్క పిసరు పొగ లేదు. వాసన లేదు. కళ్లు మండలేదు. మా అమ్మగారు గది నలుమూలలా చూసి, "మంచి బొగ్గు తెచ్చినావు నాయనా" అన్నారు. మా శ్రీమతి కూడా ఏమీ అనలేదు. మొదటి రెండు రాత్రులూ బాల్కనీ తలుపు ఓరగా తెరిచి వుంచాం. మూడవ రాత్రి చలిగాలి ఎక్కువగా వుందని ఆ తలుపు మూశాం. మూసింది మేమే.

తెల్లవారుజామున నాలుగు గంటల వేళ అమ్మాయి మమ్మల్ని పిలిచింది. తల పగిలిపోతున్నదన్నది. లేచి నిలబడబోయి మంచం మీదనే కూలబడింది, వాంతి చేసుకున్నది. పక్కనే చాప మీద పడుకున్న మా అమ్మగారిని లేపితే కళ్లు తెరిచి మళ్లీ మూశారు. బిడ్డ రెండు గంటలకు పాలకు లేవవలసింది, లేవలేదు. హాయిగా నిద్రపోతున్నదనుకున్నాం. మా శ్రీమతి బిడ్డను ఎత్తుకుంటే చేతులు వేలాడేశాడు.

మాకు ఏమీ తోచలేదు. తిన్నది పడలేదేమో అన్నాం. మా అమ్మగారు ఆ మత్తులోనే "దిష్టి" అని గొణిగారు. కారు తీయించడానికి కిందికి ఫోను చేస్తే రాత్రి కాపలా మనిషి పైకి వచ్చాడు. కర్నూలు వైపు వాడు. గది గుమ్మంలో నిలబడి కుంపటి చూసి, మా అనుమతి కోసం ఆగకుండా లోపలికి దూరి బాల్కనీ తలుపు బార్లా తెరిచాడు. "అందర్నీ బయటికి తీసుకురాండి సార్. షెడ్డులో మావాళ్లు ఇట్లే నిప్పు పెట్టుకుని పడుకుని లేవలేదు. పొగ వుండదు సార్, అయినా చంపుతాది" అన్నాడు.

పది రోజులు పుస్తకాలు తిరగేసిన మాకు ఎక్కని ముక్క అది.

ఆసుపత్రిలో నర్సు అమ్మాయి వేలికి చిన్న యంత్రం తగిలించింది. ప్రాణవాయువు 98 శాతం అని చూపింది. మేము ఊపిరి పీల్చుకున్నాం. డాక్టరుగారు మాత్రం కుంపటి సంగతి విని, "ఆ అంకె నమ్మడానికి లేదు" అని రక్తం తీయించారు. మాస్కులు పెట్టి ముగ్గురికీ ఆక్సిజను ఇచ్చారు. మధ్యాహ్నానికి బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నప్పుడు మా శ్రీమతి కూడా ఏడ్చింది. మా అమ్మగారు మాత్రం ఏమీ మాట్లాడలేదు. ముగ్గురూ క్షేమంగా ఇంటికి వచ్చారు. ఏమాత్రం ఆలస్యమైనా ఏమయ్యేదో తలచుకోవడానికే మాకు ధైర్యం లేదు.

జరిగినదేమంటే ఇది. నిండుగా గాలి దొరికినప్పుడు బొగ్గు కాలి బొగ్గుపులుసు వాయువు అవుతుంది. కుంపటి అడుగున పుట్టిన ఆ వాయువు పైనున్న ఎర్రని బొగ్గుల గుండా పోతూ, మరికొంత బొగ్గును తనలో కలుపుకుని కార్బన్ మోనాక్సైడు అనే మరో వాయువుగా మారుతుంది. కుంపటి మీద అప్పుడప్పుడు నీలిరంగు మంటలు నాట్యమాడతాయి చూడండి, అది ఈ వాయువు మండడమే. ఆ నీలిమంట కూడా లేనప్పుడు వాయువు మండకుండా గదిలో కలుస్తుంది. నివురు కప్పిన నిప్పు నిమ్మళంగా వున్నట్టు కనిపిస్తుంది గాని, ఆ స్థితిలోనే దీనిని రాత్రంతా వదులుతూ వుంటుంది. నివురుగప్పిన నిప్పు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిను దీన్ని ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ప్రాణవాయువుకు చోటు వుండదు. వేలి యంత్రం చూసేది రక్తపు రంగును. ఈ వాయువు పట్టిన రక్తం కూడా ఎర్రగానే వుంటుంది కనుక అది మోసపోతుంది. మామూలు గాలిలో వుంటే ఒంట్లోని ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో ఆక్సిజను ఇస్తే గంట, గంటన్నర చాలు. పసిబిడ్డ మనకంటే వేగంగా ఊపిరి తీసుకుంటాడు కాబట్టి విషం త్వరగా ఎక్కుతుంది. తలనొప్పి అని చెప్పుకోవడానికి నోరు లేదు.

కనుక సోదరీమణుల ప్రశ్నకు మా జవాబు: పొగ రాని బొగ్గు వుంది. అది గోడకు మంచిది, వీధికి మంచిది, పొగగొట్టం వున్న పొయ్యికి మంచిది. మూసిన గదికి మాత్రం పొగ వచ్చే బొగ్గు కంటే ఇదే ప్రమాదం. పొగ వస్తే దగ్గు వచ్చి లేచి తలుపు తీస్తాం. పొగ రానిది మనల్ని జోకొట్టి నిద్రపుచ్చుతుంది. లండనువారు పొగ లేని బొగ్గు వాడారంటే, అది పొగగొట్టం వున్న పొయ్యిలో వాడారని మరవకూడదు. మన కుంపటికి గొట్టమేదీ?

అయితే పూర్వం మన అమ్మలు అమ్మమ్మలు ఎలా బతికారని మీరు అడగవచ్చు. మేమూ అడిగాం. మా అమ్మగారే చెప్పారు. ఆ ఇంట్లో మిద్దెకు గవాక్షి వుండేదట; తలుపు చెక్కల మధ్య వేలు పట్టే సందులు వుండేవట. కోస్తా పెంకుటిళ్లలోనైతే పెంకుల సందుల్లోంచే గాలి ఆడేది. అంటే ఆ ఇల్లే ఒక పొగగొట్టం. మన మేడ గదులకు అల్యూమినియం చట్రాలు, రబ్బరు అంచులు, దోమలకు కూడా దారి లేని బిగింపు. ఆచారం పాతది, ఇల్లు కొత్తది. తప్పు ఆచారం నేర్పిన ముసలమ్మది కాదు. ఇల్లు మారిందని గమనించని మాది. ఆ పాత ఇళ్లలోనైనా అందరూ క్షేమంగా వున్నారని చెప్పలేము. బాలింత పోతే సన్నిపాతమన్నారు, బిడ్డ పోతే బాలగ్రహమన్నారు. అందులో కుంపటి పాలు ఎంతో ఎవరు లెక్క చూశారు?

ఇక చలికి ఏం చేయాలి? ముందు చలి ఎంత వుందో చూడండి. మేము ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ గదిలో ఉష్ణమాపకం పెట్టి చూస్తే, తెల్లవారుజామున కూడా 21 డిగ్రీలు వున్నది! వీధిలో చలి చూసి గదిలో నిప్పు పెట్టామన్నమాట. ఆ కొద్ది లోటుకు బిడ్డకు టోపీ, మేజోళ్లు, రెండు పొరల బట్ట చాలు. అన్నిటికంటే మేలైనది తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేట్టు బిడ్డను పడుకోబెట్టి పైన దుప్పటి కప్పడం. 1970ల చివర బొగోటా నగరంలో బరువు తక్కువ బిడ్డల కోసం మొదలైన ఈ పద్ధతిని ఇప్పుడు లోకమంతా ఆసుపత్రుల్లో నేర్పుతున్నారు. బాలింత మెలకువగా వున్నప్పుడు మాత్రమే ఇలా చేయాలి.

ఇంకా వెచ్చదనం కావాలంటే నూనె నింపిన కరెంటు హీటరు వుంది. ఖర్చని భయపడతారు. లెక్క చూద్దాం. కిలో మంచి బొగ్గు ఇచ్చే వేడి సుమారు 7,000 కిలో క్యాలరీలు. ఒక యూనిట్ కరెంటు ఇచ్చేది 860. అంటే కిలో బొగ్గు ఎనిమిది యూనిట్లతో సమానం. మీ కొట్టులో బొగ్గు ధర, మీ కరెంటు బిల్లులో యూనిట్ ధర పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి. మా లెక్కలో తేడా పెద్దగా కనబడలేదు. తేడా వున్నా, ఆ ఆసుపత్రి బిల్లు ముందు అది లెక్కలోది కాదు.

సాంబ్రాణి మాటేమిటంటారా? అది పొగ కోసమే వేసేది. పసిబిడ్డ ఊపిరితిత్తులకు ఏ పొగా మంచిది కాదని డాక్టర్లు చెబుతున్నారు. తల ఆరడానికి మెత్తని తువ్వాలు చాలు. పెద్దవాళ్ల మనసు కోసం తప్పదంటే, బిడ్డ లేని గదిలో తలుపులు తీసి వేసుకోండి.

గ్యాసు గీజరు వాడేవాళ్లకూ ఒక మాట. మూసిన స్నానాలగదిలో అదీ ఇదే వాయువును పుట్టిస్తుంది. స్నానానికి వెళ్లినవాళ్లు తిరిగి రాని వార్తలు మన నగరంలోనూ పత్రికల్లో వచ్చాయి. గీజరు గది బయట వుండాలి, లేదా గొట్టం ద్వారా గాలి బయటికి పోవాలి. ఈ వాయువును పసిగట్టి మోత మోగించే చిన్న యంత్రాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఒకటి కొని పెట్టుకోండి. ఒకే గదిలో వున్నవాళ్లకు ఒకేసారి తలనొప్పి, వికారం, మత్తు వస్తే నిమ్మకాయ, దిష్టి, అజీర్ణం అని కూర్చోవద్దు. తలుపులు తెరవండి, అందర్నీ బయటి గాలిలోకి తీసుకురండి, 108కి ఫోను చేయండి, డాక్టరుకు నిప్పు సంగతి తప్పక చెప్పండి.

ఆఖరు మాట మా ఇంటి గోడలు దాటినది. బెళ్ళందూరు చెరువు పేరు ఒకప్పుడు దేశమంతా మోగింది. 2015లో నురగ అంటుకున్నది. 2017 ఫిబ్రవరిలో చెరువు మీద చెత్త, గడ్డి మండి ఊరంతా పొగ కమ్మింది. 2018 జనవరిలో మళ్లీ మండితే సైనికులు వేలమంది దిగి ఆర్పవలసి వచ్చింది. ఆ రోజుల్లో మేమందరం ముక్కులు మూసుకుని, కిటికీలు బిగించుకుని, పత్రికలకు ఉత్తరాలు రాశాం. కనబడే పొగకు అంత గోల చేసినవాళ్లం, కనబడనిదాన్ని మనుమడి మంచం కింద పెట్టుకుని నిద్రపోయాం.

మనం మేడల్లో హీటరు పెట్టుకోగలం. ఆ మేడలు కట్టడానికి వచ్చినవాళ్లు రేకుల షెడ్లలో వుంటారు. పాలమూరు, రాయచూరు, కర్నూలు, ఒడిశా, బెంగాలు నుంచి వచ్చిన కుటుంబాలు. రేకుకు రాత్రి చలి మనకు తెలియదు. తెల్లవారుజామున కాపలావాళ్లు కాగితం, ప్లాస్టిక్కు, థర్మోకోలు పోగేసి కాచుకుంటుంటే మనం విసుక్కుంటాం. ఆరుబయట చెత్త తగలబెడితే 5,000 రూపాయల జరిమానా అని హరిత ట్రిబ్యునలు 2016లో చెప్పిన మాట గుర్తు చేస్తాం. ప్లాస్టిక్కు పొగ విషమే, కాల్చకూడదు, నిజమే. కాని జరిమానా మాట చెప్పినవాళ్లం దుప్పటి మాట కూడా చెప్పాలి గదా! ఆరుబయటి మంటను ఆర్పించి వూరుకుంటే ఆ నిప్పు షెడ్డులోకి పోతుంది. లోపల అది ఏం చేస్తుందో ఇప్పుడు మనకు తెలుసు.

షెడ్లలో వుండేవాళ్లకు చెప్పవలసింది మూడే మాటలు. వండిన పొయ్యి నిప్పు ఎంత చల్లారినట్టున్నా లోపలికి తేవద్దు. బయట పొయ్యి పక్కన ఇటుకను వెచ్చబెట్టి, పాత గుడ్డలో మందంగా చుట్టి, ఒంటికి నేరుగా తగలకుండా కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు. వేడినీళ్ల సీసా కూడా అంతే. పసిబిడ్డకు మాత్రం అది దగ్గరగా పెట్టవద్దు, తల్లి ఒడే వెచ్చన. నాలుగో మాట మనకు: గొంగళ్లు, రగ్గులు, బిడ్డల ఉన్ని టోపీలు మన బీరువాల్లో పురుగులు కొట్టకుండా వాళ్లకు చేర్చండి. భోగి మంటలో పాత వస్తువులు వేసే ముందు, పాత దుప్పటి ఒకటి పక్కన తీసి పెట్టండి. సంఘం తరఫున ఈ సంక్రాంతికి అవి పోగు చేద్దామని పెద్దలతో మాట్లాడాము, వారు సరేనన్నారు.

మా అమ్మగారి కుంపటి ఇప్పుడు బాల్కనీ దాటి లోపలికి రాదు. వంకాయ కాల్చి పచ్చడి చేయాలంటే మాత్రం దాన్ని ముట్టించి తీరుతారు. మిగిలిన కొబ్బరిచిప్పల బొగ్గు ఆ పనికి దివ్యంగా వున్నది. ఆ కర్నూలు అబ్బాయి రాత్రి కాపలాకు వచ్చిన రోజున ఆమె మరవకుండా ఒక గిన్నెలో అన్నం, ఆ పచ్చడి పెట్టి కిందికి పంపుతారు. "చదువుకున్నోళ్లకు తెలియంది ఆ బిడ్డకు తెలిసింది" అని మాకు వినబడేట్టే అంటారు. మేము విననట్టు వూరుకుంటాము.

వచ్చే నెల నీళ్ల ట్యాంకులు శుభ్రం చేయించడం గురించి ముచ్చటించుకుందాం. అప్పటిదాకా తలుపులు కాస్త తెరిచి వుంచండి.